అంచుకు పచ్చి టమాట

పోయిన నెల నల్లగొండలో దగ్గరి చుట్టాల పెళ్ళికి పోయాం. ఫంక్షన్ హాల్లో బఫే. ప్లేట్ల బల్ల దాటగానే, అన్నిటికంటే ముందు, పెద్ద స్టీల్ ట్రేలో చక్రాల్లాగా కోసిన టమాటలు, కీర ముక్కలు, క్యారెట్ ముక్కలు, మధ్యలో ముల్లంగితో చెక్కిన పువ్వు. ఏ పదకొండింటికో కోసి పెట్టి ఉంటారు, మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. టమాట ముక్కల అంచులు ముడుచుకుపోయాయి, గింజల చుట్టూ ఉండే జిగురు జారిపోయి ట్రే అడుగున పల్చటి ఎర్ర నీళ్ళు చేరాయి, పైన చల్లిన కొత్తిమీర వాడి నల్లబడింది. లైన్లో నిలబడి చూస్తున్నంతసేపూ ఒక్కరు కూడా దాని మీద చెయ్యి పెట్టలేదు. పిల్లలు కూడా.

అదే వరుస చివర్లో, బగారన్నం పక్కన పచ్చిపులుసు పెట్టారు. ఆ గిన్నె దగ్గర మాత్రం తోపులాట. వడ్డించే పిల్లగాడు నా కళ్ళముందే మూడుసార్లు నింపి తెచ్చాడు. అడుగున మిగిలిన ఉల్లిగడ్డ ముక్కల కోసం గరిటె తిప్పి తిప్పి వెతికేవాళ్ళను కూడా చూశాను.

రెండూ పచ్చివే కదా, అని నాకు అప్పుడే అనిపించింది. పచ్చిపులుసు పొయ్యి ఎక్కదు, సలాడూ ఎక్కదు. రెండింట్లోనూ పచ్చి ముక్కలు, కొత్తిమీర, పులుపు. మరి ఒకదాని దగ్గర తోపులాట ఎందుకు, ఇంకొకటి సాయంత్రం చెత్తబుట్టలోకి ఎందుకు? ఇంటికి వచ్చాక కూడా ఆ ట్రే నా బుర్రలోంచి పోలేదు. మనకు పచ్చి టమాట నచ్చదనే మాట అబద్ధమని నా అభిప్రాయం. మన ముందు దాన్ని వంటకంగా పెట్టేవాళ్ళు లేరు. అయితే అలంకారంగా పెడతారు, లేకపోతే మందుగా పెడతారు. తినే ముందు పది నిమిషాల్లో, ఉప్పూ పులుపూ కారం చూసుకుని, ఒక కూరకు ఇచ్చే మర్యాద ఇచ్చి చేస్తే మన జొన్నరొట్టె పక్కన అంతకంటే మంచి తోడు లేదు. ఈ మాట నేను చాలా రోజులుగా ఇంట్లో చెబుతూనే ఉన్నాను. కానీ దీంట్లో నాకు ఒక ముఖ్యమైన సంగతి అర్థం కావడానికి మా అక్క ఒక ప్రశ్న అడగాల్సి వచ్చింది. దాని దగ్గరికి వస్తాను.

పొలం గట్టు మీద అన్నం

"సలాడ్ మన తిండి కాదు, అవన్నీ జిమ్ముకు పోయేవాళ్ళకు" అనే మాట మా ఆఫీసులో లంచ్ టైములో రోజూ వింటాను. ఒప్పుకోను. మన తిండి, పరాయి తిండి అని గీత గీస్తే టమాటే మనది కాకుండా పోతుంది, పచ్చిమిరపకాయ కూడా పోతుంది. రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి వచ్చినవే. మిరపకాయ లేని తెలంగాణ వంటను ఎవరన్నా ఊహించగలరా? కాబట్టి ఎక్కడినుంచి వచ్చిందన్నది పక్కన పెడదాం.

తినే పద్ధతి సంగతి చూద్దాం. మా చిన్నాయనకు అచ్చంపేట వైపు బోరు కింద మూడెకరాలు ఉండేది. యాసంగిలో పల్లి వేసేవాడు, ఒక మూలకు ఇంటి అవసరానికని నాలుగు సాళ్ళు టమాట, మిరప. సెలవులకు పోతే పొద్దున పొలానికి సద్ది పట్టుకుపోయేది నేనే. గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, ఒక డబ్బాలో పప్పో తొక్కో. చిన్నాయన గట్టు మీద కూర్చుని ఉల్లిగడ్డను రాయి మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు, అది నాలుగు చెక్కలయ్యేది. కత్తితో కోస్తే ఆ రుచి రాదనేవాడు. చెట్టు మీదనుంచి రెండు టమాటలు తెంపి, పంచె అంచుకు తుడిచి, చేతుల్లోనే చీల్చి, కాగితంలో కట్టుకొచ్చిన ఉప్పు కారం అద్దేవాడు. ఆ టమాట ఎండకు వెచ్చగా ఉండేది. తొడిమ తెంపిన చోట ఒక ఘాటు వాసన, ఆకుల వాసన, అది చేతికి అంటుకుంటే సాయంత్రం దాకా పోదు. నాకు ఇప్పటికీ టమాట అంటే ముందు ఆ వాసనే గుర్తుకొస్తుంది.

దాన్ని ఎవరూ సలాడ్ అనలేదు. "అంచుకు ఏముంది?" అని అడిగేవాళ్ళు, అంతే. మన వైపు ఆ మాట ఎంత బాగుంటుందో. అంచుకు ఉల్లిగడ్డ, అంచుకు తొక్కు, అంచుకు మిరపకాయ. రొట్టె నడుమ, మిగతావి అంచున. తెలుగులోనే ఉన్న ఈ మాటను వదిలేసి మనం సైడ్ డిష్ అనడం మొదలుపెట్టాక, ఆ పచ్చి ముక్కల స్థానం కూడా మారిపోయిందని నా అనుమానం. అంచుకు పెట్టుకునేది ముద్ద ముద్దకూ కొరుక్కునేది. బఫేలో ట్రేలో పెట్టింది ఎవరూ ముద్దతో పాటు కొరుక్కోరు.

దీనికి ఎదురుమాట ఒకటుంది, అది నిజమైన ఎదురుమాటే. పొలం గట్టు మీద ఉల్లిగడ్డ, మిరపకాయ కొరుక్కోవడం ఇష్టంతో వచ్చింది కాదు, కూర లేక వచ్చింది. మా నాయన ఈ మాట అంటాడు. "మాకు కూర వండితే పండగ. పచ్చివి తిన్నది లేక తిన్నం. ఇప్పుడు దొరికింది కదా అని ఉడికించుకొని తింటుంటే, మళ్ళ పచ్చివి తినమంటవేందిరా?" పాలమూరులో కరువు చూసినవాళ్ళు, ముంబైకో పుణెకో వలస పోయి వచ్చినవాళ్ళు ఇంటింటికీ ఉంటారు. వాళ్ళకు ఉడికిన కూర, పైన తేలే నూనె, అవి బాగుపడ్డామని చెప్పే గుర్తులు. ఆ మాట ముందు నేను వాదించలేకపోయాను. కానీ అదే నాయన పచ్చిపులుసు లేకపోతే పప్పన్నం తినడు. లేమిలో పుట్టిన తిండి అన్నీ లేమితో పోలేదు, కొన్ని మిగిలాయి. ఏది మిగిలిందో చూస్తే, బాగా చేసినవే మిగిలాయి. పచ్చిపులుసులో ఎండుమిరపకాయ కాల్చి నలపాలి, జీలకర్ర ఉండాలి, ఉల్లిగడ్డను ఉప్పుతో పిసకాలి, పులుపు ఎంత పల్చన చేయాలో చేతికి తెలియాలి. అంత శ్రద్ధ పెట్టాం కాబట్టే దాన్ని పెళ్ళిలో కూడా పెడుతున్నాం.

నాటు టమాట, నున్నటి టమాట

చేసే పద్ధతి చెప్పే ముందు టమాట గురించి చెప్పాలి. సలాడ్‌లో దాక్కోవడానికి చోటు ఉండదు, కూరలో అయితే మసాలా కాపాడుతుంది.

మార్కెట్లో ఇప్పుడు దొరికేవి చాలావరకు గట్టి తోలు హైబ్రిడ్లు. అవి చెడ్డవి కావు. ఎండాకాలం మన దగ్గర కాపు తగ్గిపోతుంది, పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, అప్పుడు మదనపల్లె నుంచో కోలార్ నుంచో లారీలు రావాలి. అంత దూరం రావాలంటే దోరగా ఉన్నప్పుడే తెంపాలి, తోలు మందంగా ఉండాలి. రైతుకూ లారీకీ అది అవసరం. కూరకు, చారుకు అవి చాలు. కానీ పచ్చిగా తినడానికి నాటు టమాట వేరు. పూసా రూబీ లాంటి పాతరకం, అణిగినట్టు ఉండి, గట్లు గట్లుగా, పల్చటి తోలుతో, పుల్లగా, కోస్తే రసం కారుతుంది. శనివారం అంగడిలో ఊళ్ళ నుంచి వచ్చి కింద గోనెసంచి పరిచి కుప్పలు పోసుకుని అమ్మే ఆడవాళ్ళ దగ్గర ఇంకా దొరుకుతాయి.

ఒక సంగతి మాత్రం తెలిశాక నాకు బాధేసింది. తొడిమ దగ్గర పచ్చగా ఉన్న టమాటలను మనం ఏరి పక్కన పడేస్తాం కదా, సరిగ్గా పండలేదని. కాయ మొత్తం ఒకే రంగు రావాలని కొన్ని తరాలుగా రకాలను ఎంపిక చేస్తూ పోతే, ఆ పచ్చ భుజాలను తెచ్చే జన్యువు పనిచేయకుండా పోయిందని, దానితో పాటే కాయలో తీపి కూడా తగ్గిందని 2012లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆ పచ్చదనం ఉన్న కాయ తనలో కొంత చక్కెరను తానే తయారు చేసుకుంటుంది. మా చిన్నాయన టమాటలన్నీ భుజాలు పచ్చగానే ఉండేవి. అంగడిలో ఆమె కుప్పలోంచి నున్నటివే ఏరుకునేది మనమే, తర్వాత టమాటకు రుచి లేదనేదీ మనమే.

ఇంకొకటి ఫ్రిజ్. టమాటలను ఫ్రిజ్‌లో పెట్టకండి, కనీసం సలాడ్‌కు అనుకున్నవాటిని. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ప్రచురించిన పరిశోధనలో, పండిన టమాటలను 5 డిగ్రీల చలిలో వారం ఉంచితే వాసన ఇచ్చే పదార్థాలు బాగా పడిపోయాయి, బయటికి తీసి ఒకరోజు ఉంచినా తిరిగి రాలేదు. తీపి, పులుపు అలాగే ఉంటాయి, వాసన పోతుంది. వాసన పోయిన టమాట అంటే పుల్లటి నీళ్ళే. మా ఇంట్లో ఇప్పుడు వెదురు బుట్టలో, తొడిమ కిందికి పెట్టి, వంటింటి గట్టు మీద ఉంచుతాం. ఎండాకాలంలో రెండు రోజులకు మించి ఆగవు, నిజమే. రెండు రోజులకు సరిపడానే కొంటాం.

చేతిలో పని

నలుగురికి నేను చేసేది ఇది. అరకిలో నాటు టమాటలు. ఒక మధ్యరకం ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు, అర చెక్క నిమ్మకాయ (నకిరేకల్ నిమ్మకాయ చిన్నగా ఉన్నా రసం బాగుంటుంది, మన నల్లగొండ జిల్లాది కాబట్టి చెప్పడం లేదు, నిజంగానే బాగుంటుంది), పిడికెడు కొత్తిమీర, పది పన్నెండు పుదీన ఆకులు, రెండు చెంచాల వేయించిన పల్లీలు, ఒక చెంచా గానుగ పల్లి నూనె, ఉప్పు.

ముందు ఉల్లిగడ్డ. పల్చగా నిలువుగా కోసి, సగం ఉప్పు వేసి వేళ్ళతో పిసికి, నిమ్మరసం పిండి పక్కన పెట్టాలి. పచ్చిపులుసుకు చేసినట్టే. పది నిమిషాల్లో ఘాటు దిగిపోయి కొంచెం గులాబీ రంగు తిరుగుతుంది. పచ్చిమిరపకాయను చక్రాలుగా కోస్తే ఒకరి నోటికి మొత్తం కారం, ఇంకొకరికి ఏమీ ఉండదు. చిన్న రోట్లో మిగతా ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచితే అందరికీ సమానంగా పడుతుంది. పల్లీలు కూడా అలాగే, పొడి కాకుండా, సగం పలుకులుగా.

ఆకులు. ఇక్కడే చాలామంది పాడు చేస్తారు. కడిగిన తడితోనే కోసి వేస్తే ఆ నీళ్ళు సలాడ్‌లోకి పోతాయి. కడిగి, పాత కాటన్ గుడ్డలో చుట్టి గట్టిగా దులపాలి. కొత్తిమీర లేత కాడలు పారేయొద్దు, ఆకు కంటే కాడలోనే వాసన నిలుస్తుంది. కత్తితో ఒకటి రెండుసార్లు కోస్తే చాలు, నూరినట్టు చిన్నగా తరిగితే పసరు దిగుతుంది. పుదీన చేత్తో తుంచాలి. మరీ ఎక్కువైతే పుదీన మిగతా అన్నిటినీ మింగేస్తుంది, పది ఆకులంటే పదే.

టమాట చివర. కత్తి పదునుగా ఉండాలి, మొద్దు కత్తి తోలు మీద నొక్కుకుపోయి లోపలి రసం అంతా చెక్క మీదే పోతుంది. చక్రాలుగా వద్దు, నిలువుగా ఎనిమిది చెక్కలు. గింజలు, జిగురు తీసేయమని కొందరు చెబుతారు, సలాడ్ నీరు కారకుండా. దయచేసి తీయకండి. ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో కొలిచి చూస్తే గట్టి కండలో కంటే గింజల చుట్టూ ఉండే ఆ గుజ్జులోనే గ్లుటమేట్ ఎక్కువ ఉంది. మాంసం పులుసులో నాలుకకు తగిలే ఆ నిండు రుచి ఇచ్చేది అదే. రుచి తీసిపారేసి తర్వాత రుచి లేదనడం న్యాయం కాదు.

అన్నీ ఒక వెడల్పాటి గిన్నెలో వేసి, నూనె పోసి, చెంచాతో కాకుండా చేత్తో రెండుసార్లు పైకి కిందికి తిప్పి, అయిదు నిమిషాలు వదిలేయాలి. ఉప్పు టమాటలోని నీళ్ళను బయటికి లాగుతుంది, ఆ రసం నిమ్మ, నూనె, మిరపతో కలిసి ముక్కల చుట్టూ చేరుతుంది. సరిగ్గా అప్పుడు పల్లీలు చల్లాలి. పల్లి పలుకులు ఆ రసాన్ని పీల్చుకుని ముక్కకు అతుక్కుంటాయి, రొట్టె తుంచి పట్టుకుంటే ముక్క జారదు. అయిదు నిమిషాలు పదిహేనైతే రసం ఎక్కువై ముక్క మెత్తబడుతుంది, అరగంట అయితే ఆ పెళ్ళి ట్రేనే. చివర్లో గిన్నె అడుగున మిగిలే రసం పారబోయకండి, ఆఖరి ముద్ద అన్నంలో కలుపుకుంటే అది ఒక రకమైన పచ్చిపులుసే.

అక్క అడిగిన మాట

దసరాకు దేవరకొండలో మా అక్క వాళ్ళింటికి పోయాం. పన్నెండు మందిమి. మటన్, బగారన్నం, జొన్నరొట్టెలు, గారెలు. నేను సలాడ్ చేస్తానన్నాను. పని ముందే అయిపోతే బాగుంటుందని పదకొండుకే అన్నీ కోసి ఉప్పు, నిమ్మ వేసి కలిపి మూత పెట్టాను. జమ్మి దగ్గరికి పోవడం సాయంత్రం కదా, మధ్యాహ్నం తొందరగానే తింటాం అనుకున్నా, కానీ చుట్టాలు వచ్చేసరికి ఒంటిగంటన్నర. మూత తీస్తే ముక్కలు నీళ్ళలో తేలుతున్నాయి. ప్లేట్లో వేస్తే ఆ నీళ్ళు పారి రొట్టె కింద చేరి రొట్టె నానిపోయింది. బావ పాపం ఏమీ అనకుండా తిన్నాడు, పిల్లలు మాత్రం ప్లేట్ పక్కకు నెట్టారు.

రాత్రి భోజనానికి మళ్ళీ చేద్దామన్నాను, ఈసారి అందరూ కూర్చున్నాక అప్పుడే కోయాలి, అలాగైతేనే బాగుంటుందని వివరంగా చెప్పాను. అక్క పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తూ వింటోంది. "అప్పుడే కొయ్యాలంటవు సరే. అందరు కూసున్నంక ఎవలు లెవ్వాలె తమ్మీ?" అంది. గొంతులో కోపం లేదు, మామూలుగానే అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. చూస్తే సంగతి కళ్ళముందే ఉంది. రొట్టె వేడివేడిగా పెట్టాలని పెనం దగ్గర అక్క నిలబడి ఉంటుంది. వదిన వడ్డిస్తుంది. అమ్మ పిల్లలకు కలిపి పెడుతుంది. మేము తిని లేచాక వాళ్ళు కూర్చుంటారు, అప్పటికి రొట్టె చల్లారి గట్టిపడి ఉంటుంది. ఇప్పుడు నేను ఆ చివరి క్షణానికి ఇంకొక పని చేర్చాను, అదీ రుచి పేరుతో. వాళ్ళు తినే టైముకు ఆ సలాడ్ ముప్పావుగంట పాతది, మధ్యాహ్నం పిల్లలు నెట్టేసినట్టే ఉంటుంది. తాజాగా తినేది మేము, నీళ్ళు కారింది తినేది వాళ్ళు.

మన పొడులు, తొక్కులు, పచ్చళ్ళు అన్నీ ముందే చేసి జాడీలో పెట్టుకునేవి ఎందుకయ్యాయో నాకు ఆ రోజు అర్థమైంది. నిలవ ఉండే అంచు వంటకం అంటే, తినే వేళకు ఒక పని తక్కువ. మనవాళ్ళకు పచ్చి ముక్కల రుచి తెలియక కాదు, ఆ సమయంలో వండేవాళ్ళకు మూడో చెయ్యి లేదు కాబట్టి. పచ్చిపులుసు కూడా గంట ముందు చేసి పెడితే ఇంకా బాగుంటుంది, అందుకే అది అంత సుఖంగా మన ఇళ్ళలో నిలిచింది. టమాట సలాడ్ అలా ఆగదు. దాని మంచితనమంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది, ఆ పది నిమిషాలు ఇంట్లో అందరికంటే అలసిపోయిన మనిషివి.

అందుకని నా వాదన అక్కడ మారింది. సలాడ్ అప్పుడే కోయాలి, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ వండినవాళ్ళు కోయకూడదు. ఎవరు తినడానికి ఎదురుచూస్తూ కూర్చున్నారో వాళ్ళు కోయాలి. దీనికి పొయ్యి అక్కర్లేదు, వంట రావాల్సిన అవసరం లేదు, కత్తి పట్టగలిగిన ఎవరైనా చేయగలరు. హాల్లో టీవీ ముందు చాప మీద చెక్క, కత్తి, గిన్నె పెట్టుకుని చేసుకోవచ్చు. వంటింట్లోకి మొగవాళ్ళు రావడం ఇష్టం లేని అత్తగారు ఉన్న ఇంట్లో కూడా నడుస్తుంది, మా అక్క అత్తగారి ముందే నడిచింది. ఆ రాత్రి నేనూ బావా చాప మీద కూర్చుని కోశాం. బావకు కత్తి పట్టడం అలవాటు లేదు, ముక్కలు లావుగా వచ్చాయి, ఏమీ కాలేదు. సగం టమాటలు కోయకుండా అలాగే పక్కన పెట్టాం, ఆడవాళ్ళు కూర్చున్నప్పుడు మళ్ళీ కోయడానికి.

దీని మీద నా భార్య ఒక మాట అంది, అది కూడా రాయాలి. "వారానికి ఒకసారి టమాట కోస్తే వంటింటి పని పంచుకున్నట్టు కాదు" అని. నిజం. కాదు. పెనం దగ్గర ఎవరు నిలబడాలన్నది ఇంకా అలాగే ఉంది, మా ఇంట్లో కూడా. నేను రొట్టె కొట్టడం నేర్చుకుంటున్నాను, ఇంకా గుండ్రంగా రావడం లేదు, మధ్యలో విరిగిపోతుంది. సలాడ్‌తో అంతా సరిపోయిందని నేను అనడం లేదు.

మూసీ నీళ్ళు, టమాట ధర

ఇంకొక అనుమానం నన్ను నిజంగా వెనక్కి లాగింది. పచ్చి ఆకులు తినమని చెబుతున్నాను, ఆ ఆకు ఏ నీళ్ళతో పండింది? మూసీ హైదరాబాద్ మురుగంతా మోసుకుని భువనగిరి వైపు నుంచి మన జిల్లాలోకి వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారి పొడవునా ఆ నీళ్ళతో పంటలు పండుతున్నాయి, ఆకుకూరలు కూడా. ఉడికించిన కూరలో అయితే వేడికి క్రిములు చస్తాయి, పచ్చి కొత్తిమీరకు ఆ రక్షణ లేదు. ఉప్పునీళ్ళలో నానబెడితే మట్టి, చిన్న పురుగులు వదులుతాయి కానీ క్రిములన్నీ పోవు. పారే నీళ్ళ కింద రెండు మూడుసార్లు కడగడం మంచిది, అయినా పూర్తి భరోసా కాదు. గర్భిణులకు, పసిపిల్లలకు బయటి ఆకు పచ్చిగా పెట్టమని నేను చెప్పను.

ఈ ఒక్క విషయంలో నాకు దొరికిన దారి కుండీ. టమాట కుండీలో పెంచడం కష్టం కానీ కొత్తిమీర, పుదీన కష్టం కాదు. ధనియాలను చెప్పుతోనో సీసాతోనో నలిపి రెండు బద్దలు చేసి చల్లితే పది రోజుల్లో మొలుస్తాయి, నలభై రోజులకు కోతకు వస్తాయి. మేడ మీద పాత పెయింట్ డబ్బాలు నాలుగు, పదిహేను రోజుల తేడాతో చల్లుకుంటే చలికాలమంతా సరిపోతుంది. పుదీనకు గింజ కూడా అక్కర్లేదు, కొన్న కట్టలోంచి ముదురు కాడలు నాలుగు తడిమట్టిలో గుచ్చితే చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు కొత్తిమీర ఆకు పట్టకుండానే పూతకు పోతుంది, అప్పుడు మా సలాడ్‌లో పుదీన, ఉల్లాకు మాత్రమే.

ధర సంగతి. 2023 జూలైలో టమాట కిలో 150 దాటినప్పుడు ఎవరింట్లో పచ్చి టమాట గురించి మాట్లాడే పరిస్థితి లేదు, మేమూ మానేశాం, చింతపండుతో సరిపెట్టుకున్నాం. ధర పడిపోయి రైతు తెంపిన కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసే రోజులు కూడా చూశాం. చిన్నాయన ఒక ఏడాది రెండెకరాలకు టమాట వేసి, తెంపకుండా పశువులను తోలాడు. ఆ రోజు ఆయన మొహం నాకు గుర్తుంది. మన ఇళ్ళలో టమాట అంటే కూరకు రెండు, చారుకు ఒకటి, అంతే లెక్క. కాయ పండే రోజుల్లో దగ్గరి ఊరి రైతు దగ్గర అరకిలో ఎక్కువ కొని పచ్చిగా తింటే ఆయన బాధ తీరిపోతుందని నేను చెప్పను, ఒక ఇల్లు కొనే అరకిలోతో మార్కెట్ మారదు. కానీ దూరం నుంచి లారీలో రాలేని ఆ పల్చతోలు రకం బతకాలంటే దగ్గరివాళ్ళు దాన్ని వెతికి కొనాల్సిందే, వేరే గిరాకీ దానికి లేదు.

ఆరోగ్యం గురించి కావాలనే ఎక్కువ రాయలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమని ఉంది, నిమ్మ, టమాటల్లోని విటమిన్ సి జొన్నల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. అన్నీ నిజాలే. కానీ మా ఇంట్లో బీపీ వచ్చిన పెద్దాయన ముందు "మీకు మంచిది" అని కీర ముక్కలు పెడితే ఆయన వాటిని మాత్రలు చూసినట్టు చూశాడు. అవే ముక్కలు దంచిన మిరపకాయ, పల్లీలతో కలిపి రొట్టె అంచుకు పెడితే ఇంకొంచెం వేయమన్నాడు. ఉప్పు తగ్గించి నిమ్మ పెంచాను, ఆయనకు తెలియలేదు కూడా.

వచ్చే నెల నకిరేకల్‌లో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి. భోజనాల పని నా మీద వేశారు. క్యాటరింగ్ అతనితో మాట్లాడినప్పుడు ఆ ట్రే వద్దన్నాను. ముల్లంగి పువ్వు వద్దు, ఒక బల్ల మీద చెక్క, కత్తి పెట్టి ఒక మనిషి పావుగంటకు ఒక గిన్నె చొప్పున అప్పటికప్పుడు కోసి కలపాలి, పచ్చిపులుసు పక్కనే పెట్టాలి అని చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, "ఒక మనిషి ఎక్కువ పడతడు సార్, మూడు గంటలు నిలబడాలె" అన్నాడు. ఆ మనిషి కూలి బిల్లులో విడిగా రాయమన్నాను, మధ్యలో ఆయన తినడానికి అరగంట వదలాలని, ఆ అరగంట కత్తి నేను పట్టుకుంటానని చెప్పాను. టమాటలు పెళ్ళికి ముందురోజు అంగడిలో నేనే చూసి తెస్తాను, భుజాలు పచ్చగా ఉన్నవి.